"సార్వత్రిక" అంటే తెరిచిన తలుపా, అన్ని ఊర్లా?

అనంతపురం నుంచి, చర్చ మొదలుపెడుతూ:

మొన్న అటక దులుపుతుంటే మా చిన్నమ్మ డిగ్రీ పుస్తకాల కట్ట దొరికింది. పాత కేలెండరు కాగితం చుట్టి, పురికొసతో కట్టి పెట్టింది. మొదటి సంవత్సరం పుస్తకాల అట్ట మీద "ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం" అని ఉంది. చివరి సంవత్సరం వాటి మీద "డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం". ఆమె చదువుతుండగానే, 1991 అక్టోబరులో పేరు మారింది. రెండు అట్టల మీదా మారకుండా నిలిచింది ఈ "సార్వత్రిక".

మా తమ్ముడి కూతురు ఇంటర్ చదువుతోంది. అట్ట చూసి, "పెద్దనాయనా, సార్వత్రిక అంటే ఎలక్షన్లే కదా? అవ్వ ఎలక్షన్ల మీద డిగ్రీ చేసిందా?" అంది. నవ్వొచ్చింది గానీ ఆ పిల్ల తప్పేమీ లేదు. ఈ మాట దాని కంట పడేది అయిదేళ్లకొకసారి, పేపర్లో. మిగతా రోజుల్లో ఓపెన్ యూనివర్సిటీ, ఓపెన్ డిగ్రీ, ఓపెన్ టెన్త్.

నా ప్రశ్న ఇది. ఓపెన్ అంటే తెరిచి ఉన్నది. సర్వత్ర అంటే అన్నిచోట్లా, అన్నిచోట్లా ఉండేది సార్వత్రికం. ఎన్నికలకు ఆ మాట అతికినట్టు సరిపోయింది: ఒక్కచోట జరిగితే ఉప ఎన్నిక, అంతటా జరిగితే సార్వత్రికం. మరి తలుపు తెరిచిన విశ్వవిద్యాలయానికి "అన్నిచోట్లా ఉండేది" అని పేరు ఎలా వచ్చింది?

నాకు తోచింది చెప్తా. ఈ ఓపెన్ పుట్టింది ఇంగ్లండులో. అక్కడ 1963లో లేబర్ పార్టీ నాయకుడు హెరాల్డ్ విల్సన్ రేడియో, టీవీల మీద నడిచే విశ్వవిద్యాలయం గురించి మొదట మాట్లాడినప్పుడు అన్న పేరు వేరు: యూనివర్సిటీ ఆఫ్ ది ఎయిర్. ఆ పేరే నిలిచి ఉంటే తెలుగులో మన గతేమయ్యేదో! గాలి విశ్వవిద్యాలయంలో చదివాడంటే పిల్లనెవరిస్తారు? 1969లో రాజశాసనం వచ్చేసరికి అది ఓపెన్ యూనివర్సిటీ అయింది, 1971 జనవరిలో చదువులు మొదలయ్యాయి. దాని మొదటి చాన్సలర్ జెఫ్రీ క్రౌథర్ తన ప్రసంగంలో ఓపెన్ అనే మాటను నాలుగుగా విడదీసి చెప్పాడు: మనుషుల విషయంలో, చోటు విషయంలో, పద్ధతుల విషయంలో, ఆలోచనల విషయంలో. మన సార్వత్రిక ఈ నాలుగింటిలో రెండోదాన్ని, చోటును పట్టుకుంది.

చోటు మనకు చిన్న సంగతి కాదు. 1982 ఆగస్టు 26న, భవనం వెంకట్రామ్ ముఖ్యమంత్రిగా ఉన్న ఆ కొద్ది నెలల్లోనే, దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన రాష్ట్రంలో మొదలైంది. ఢిల్లీలో ఇందిరాగాంధీ పేరుతో జాతీయ సంస్థ వచ్చింది తర్వాత, 1985లో. ఇక్కడ మొదటి వైస్ చాన్సలర్‌గా చేసిన జి. రాంరెడ్డి గారే అక్కడికీ మొదటి వైస్ చాన్సలర్ అయ్యారు. మా అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం అంతకు ఒక్క ఏడాది ముందు, 1981లో ఏర్పడింది. దాంట్లో చదవాలంటే మనిషి అక్కడికి పోవాలి. సార్వత్రికానికి మాత్రం పుస్తకమే మనిషి దగ్గరికి వచ్చేది, ఆదివారాలు ఊళ్లో ఉన్న కాలేజీనే స్టడీ సెంటర్.

అయితే చిన్నమ్మకు జరిగింది చోటు సంగతి కాదు. ఆమె అంగన్‌వాడీ టీచరు, ఇంటర్ గడప తొక్కలేదు. పోస్టులో చదువు అంతకు ముందూ ఉంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం 1962లోనే మొదలుపెట్టింది, ఆంధ్రా విశ్వవిద్యాలయం 1972లో. కానీ వాటిలో డిగ్రీకి ఇంటర్ కావాలి. ఇక్కడ ఇంటర్ లేకపోయినా ఎలిజిబిలిటీ టెస్టు రాసి పాసైతే డిగ్రీలో చేర్చుకున్నారు. అసలు తలుపు తెరిచింది అక్కడ! సార్వత్రిక అనే మాటలో ఆ తలుపు కనిపించదు. నా ఫిర్యాదు అంతే.

కొసరుగా ఒకటి. స్టడీ సెంటర్లో పాఠం చెప్పేవాళ్లను లెక్చరర్ అనరు, కౌన్సిలర్ అంటారు. చిన్నమ్మ ఉరవకొండ నుంచి ఆదివారం పొద్దున బస్సెక్కి వచ్చి, సాయంత్రం ఇంటికి పోయి, "ఈరోజు కౌన్సిలర్ రాలేదు" అంటే మా అబ్బ, "వార్డుకే రాడు, నీ క్లాసుకేం వస్తాడు" అన్నాడంట. ఒక పక్క సార్వత్రికం, ఇంకో పక్క కౌన్సిలర్. పిల్ల ఎలక్షన్లు అనుకుందంటే అనుకోదా?

కర్నూలు నుంచి, రిటైరైన సంస్కృతం మేష్టారు:

వ్యుత్పత్తి మీరు చెప్పిందే. అత్ర, తత్ర, కుత్ర, సర్వత్ర, వీటిలో "త్ర" సప్తమి అర్థంలో, అంటే "అందు, లో" అనే అర్థంలో వస్తుంది, పాణిని సూత్రం "సప్తమ్యాస్త్రల్". దాని మీద "ఇక" చేరితే మొదటి అచ్చుకు వృద్ధి: వేదం వైదికం, లోకం లౌకికం, సర్వత్ర సార్వత్రికం. కొందరు "సార్వత్రీక" అని దీర్ఘం పెడతారు, అది తప్పు.

మనుషుల సంగతి రావాలంటే సార్వజనీన అనాలి. ఇక తెరిచి ఉన్నది అని ముక్కకు ముక్క కావాలంటే సంస్కృతంలో మాట సిద్ధంగా ఉంది: వివృతం. నోరు తెరిచి పలికే అచ్చును వివృతం అంటాం, మూసి పలికేది సంవృతం. కానీ "వివృత విశ్వవిద్యాలయం" అని బోర్డు రాయిస్తే మర్నాటికి ఎవడో ఒకడు దాన్ని వికృతం చేస్తాడు. పేరు పెట్టినవాళ్లు ఆ గండం తప్పించారు.

ఇంకొకటి. "స్వదేశే పూజ్యతే రాజా, విద్వాన్ సర్వత్ర పూజ్యతే" అని మా చిన్నప్పుడు బడి గోడల మీద రాసి ఉండేది. రాజుకు తన దేశంలోనే గౌరవం, చదువుకున్నవాడికి అంతటా. చదువు పక్కన సర్వత్ర అనే మాట మన చెవికి కొత్త కాదు. పేరు పెట్టినవాళ్ల మనసులో ఇది ఉందని నేననను. ఉంటే బాగుండునని మాత్రం ఉంది.

రాయదుర్గం నుంచి, ఇంట్లో కన్నడం మాట్లాడే మిత్రుడు:

మాకు అర్ధగంట దూరంలో మాట మారిపోతుంది సార్. సరిహద్దు దాటితే అది "ముక్త విశ్వవిద్యానిలయ". 1996లో కర్ణాటక పెట్టుకున్నది ముక్త, మైసూరులో దాని క్యాంపస్ పేరే ముక్త గంగోత్రి. మహారాష్ట్రవాళ్ల నాసిక్‌దీ ముక్తే, హిందీలో ఇందిరాగాంధీదీ ముక్తే. అదే ఇందిరాగాంధీ విశ్వవిద్యాలయం తెలుగులోకి వచ్చేసరికి సార్వత్రికం. తమిళంవాళ్లు మాత్రం "తిఱంద" అని ఉన్నదున్నట్టు పెట్టుకున్నారు, మన తెరిచిన అన్నమాట.

నా ఓటు ముక్తకే. అందులో కట్లు విప్పడం ఉంది. కాకపోతే తెలుగులో ముక్తి అంటే వెంటనే పైలోకం గుర్తొస్తుంది. మా స్నేహితుడు బళ్లారి సెంటర్లో ఆరేళ్లుగా ఒకే పేపరు తప్పుతున్నాడు. వాడిని చూసినప్పుడల్లా, "నీకింకా ముక్తి రాలేదా" అంటాం.

కడప నుంచి, ఓపెన్‌లో డిగ్రీ, పీజీ చేసిన ఒక అక్క:

మేష్టారూ, శ్లోకం బాగుంది. సర్వత్ర పూజ్యతే అంట. నేను ఇంటర్వ్యూకి పోయిన ఒక ఆఫీసు మాత్రం ఆ సర్వత్రలోకి రాలేదు. సర్టిఫికెట్ తిప్పి చూసి "ఓ... ఓపెనా?" అన్నారు. ఆ సాగదీత రాసి చూపించలేను. అందుకే చెప్తున్నా, వ్యుత్పత్తి ఒక దారి, వాడుక ఒక దారి. ఓపెన్ అనే మాట మన ఊర్లలో "రెగ్యులర్ కానిది" అనే అర్థానికి దిగిపోయింది. "ఓపెన్‌లో కట్టినాడు", "ఓపెన్‌లో లాగించినాడు" అంటారు గానీ "చదివినాడు" అనరు, గమనించండి. అప్లికేషన్‌లో సార్వత్రిక అని నిండుగా రాస్తే ఎదుటివాళ్లు ఒక క్షణం ఆగి చదువుతారు. ఆ క్షణం కోసమైనా నాకు ఈ మాటే ఇష్టం.

ఇంకో మాట మరిచిపోయినారు: దూరవిద్య. ఆకాశవాణి, దూరదర్శన్ వరుసలో పుట్టినట్టుంటుంది. మా అమ్మ మాత్రం దాన్ని "దూరే విద్య" అనేది, సందులోంచి దూరినట్టు! "తా దూర కంత లేదు, మెడకో డోలు" అంటాం కదా, ఆ దూరడం. ఆమె తిట్టిందో మెచ్చుకుందో నాకు ఇప్పటికీ తెలీదు. ఇద్దరు పిల్లలు, అత్తమామలు, మిషను కుట్టు, ఇన్ని డోళ్లు మెడకేసుకొని నేను మాత్రం ఆ కంతలోంచే దూరినా.

మళ్లీ అనంతపురం నుంచి:

అక్కా, "కట్టినాడు" గురించి మీరన్నది నిజం. ఫీజు కట్టడం, పరీక్ష కట్టడం కలిసి చదవడాన్ని మింగేశాయి. చిన్నమ్మ పుస్తకాలు తిరగేస్తే మాత్రం కట్టడం కనిపించదు. పాఠం మధ్యలో ప్రశ్న, కింద జవాబుకు ఖాళీ గీతలు, ఎదురుగా అయ్యవారు లేడు గనక పుస్తకమే ఆగి అడుగుతుంది. ప్రతి ఖాళీలోనూ పెన్సిల్‌తో రాసుకుంది. రాజనీతిశాస్త్రం పుస్తకంలో ఒక పేజీకి ఎర్రమట్టి వేలిముద్ర ఉంది. చెనక్కాయలు ఒలిచే కాలం అయ్యుంటుంది.

రాయదుర్గం మిత్రుడి ముక్తకు, మేష్టారి సార్వజనీనకు మధ్య నేను ఎటూ తేల్చుకోలేదు. సార్వత్రికం తలుపును వదిలేసిందన్న మాట మీద ఉన్నా గానీ, దాన్ని మార్చాలనేంత పట్టుదల అక్క మాటల తర్వాత లేదు.

నిన్న ఫోన్ చేసి చిన్నమ్మనే అడిగినా, అప్పట్లో మీరు దాన్నేమనేవాళ్లని. "సార్వత్రికం అని అప్లికేషన్‌లో రాసేది. బస్సులో కండక్టర్ అడిగితే ఆదివారం కాలేజీ అని చెప్పేవాళ్లం" అంది. ఆ మాట ఉరవకొండ వైపే ఉండిందా, కర్నూలు, కడప వైపు కూడా అనేవాళ్లా? విన్నవాళ్లుంటే చెప్పండి. ఫోన్ పెట్టేసే ముందు, "పుస్తకాలు మళ్లీ అటక మీదే పెట్టు, కింద పెడితే చెదలు పడతాయి" అంది.