జపనీస్ మొదలుపెట్టేటప్పుడు తెలుగులో రాసుకోవచ్చా, మొదటి రోజు నుంచే వాళ్ల హిరగన లిపి పట్టాలా?

గాజువాక నర్సు
అందరికీ నమస్కారం. నర్సింగ్ పూర్తయింది. జపాన్‌లో వృద్ధులను చూసుకునే ఉద్యోగానికి వెళ్లాలని ఉంది. దాన్ని అక్కడ కైగొ అంటారు. స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసాకి జపనీస్ భాషా పరీక్షల్లో జేఎల్‌పీటీ ఎన్4 గానీ, జేఎఫ్‌టీ బేసిక్ గానీ పాసవ్వాలి. (మొదటిదాంట్లో ఎన్5 అన్నిటికంటే తేలిక, ఎన్1 అన్నిటికంటే కష్టం.) కైగొకి వేరే పరీక్షలు కూడా ఉన్నాయి. నాకు జపనీస్ ఒక్క ముక్క రాదు. ఒక క్లాసులో చేరి నెలైంది. ఇప్పటికీ బోర్డు మీద అన్నీ ఇంగ్లీష్ అక్షరాలే. నేను పక్కన తెలుగులో రాసుకుంటుంటే సార్ వద్దన్నారు. మా రూమ్మేటేమో తెలుగులో రాసుకుంటేనే నోరు తిరుగుతుందంటోంది. క్లాసులో వెనకబడిపోతున్నానని టెన్షన్‌గా ఉంది. ఏ దారిలో వెళ్లమంటారు?

ఎంవీపీ కాలనీ అక్క
చెల్లీ, నిశ్చింతగా తెలుగులో రాసుకో. సార్ మానేయాల్సింది ఆ ఇంగ్లీష్ అక్షరాలు. నేను ఎన్3 వరకు చదివాను, సాయంత్రాలు మా వీధి పిల్లలకి చెప్తున్నాను. చూసిందే చెప్తున్నా.

ఈ మూడు మాటలు పైకి చదువు. కితె అంటే 'వచ్చి'. కిత్తె అంటే తపాలా బిళ్ల. కీతె అంటే 'విని'. హ్రస్వం, ఒత్తు, దీర్ఘం. మన పిల్లలు బడిలో చేరగానే నేర్చుకునే తేడాలే. అదే మొదటి మాటని ఇంగ్లీష్ అక్షరాల్లో రాస్తే మన కంటికి 'కైట్', అంటే గాలిపటం కనిపిస్తుంది. 'వరకు' అనే అర్థమున్న మదె ని 'మేడ్' అనీ, 'అది' అనే అరె ని 'ఆర్' అనీ చదివే అలవాటు పడ్డ అబ్బాయి ఒకడు నా దగ్గరికి వచ్చాడు. అది మాన్పించేసరికి తల ప్రాణం తోకకి వచ్చింది.

వాళ్ల 'న్' అక్షరం ఉందే, అది అచ్చం మన సున్న. సెంపై (సీనియర్) లో 'మ్' లా, కంతన్ (సులువు) లో 'న్' లా పలుకుతుంది. సున్న పెట్టి రాసుకుంటే నోరు దానంతట అదే సర్దుకుంటుంది. వాళ్ల అక్షరాల వరస కూడా విను: అ ఇ ఉ ఎ ఒ, ఆ తర్వాత క స త న హ మ య ర వ. బౌద్ధంతో పాటు అక్కడికి చేరిన సంస్కృత వర్ణమాలను బట్టి పేర్చుకున్న వరస ఇది. మనకి పరాయిది కాదు.

అసలు లాభం వ్యాకరణంలో ఉంది. 'వతషి వ సకన ఒ తబెమస్.' నేను, చేప, ను, తింటాను. మాట వెనక మాట, మన వరసే. పైగా క్రియ నేనుకీ వాడికీ మారదు కాబట్టి మనకంటే సులువు. 'తబెతె మిరు' అంటే 'తిని చూస్తాను'. తబెతె అంటే తిని, మిరు అంటే చూడటం. రుచి చూడటానికి వాళ్లూ 'చూడటం' అనే మాటే వాడతారు! 'తొ ఇఉ' అంటే 'అని అంటారు'. ఇంగ్లీష్ పుస్తకం పేజీ అంతా వివరించేది మనకి ఒక్క ముక్కలో తేలిపోతుంది. ఇంత వరం చేతిలో పెట్టుకుని ఇంగ్లీష్ మీదుగా చుట్టూ తిరిగి వెళ్లడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

నగోయా నుంచి తిరిగొచ్చాను
అక్కగారు చెప్పినదాంట్లో తప్పు లేదు. కానీ నేను ఆ దారిలోనే వెళ్లి దెబ్బతిన్నాను కాబట్టి రాస్తున్నాను.

నగోయా దగ్గర ఒక ఫ్యాక్టరీలో మూడేళ్లు పనిచేశాను. వెళ్లేముందు నా నోట్సంతా తెలుగులోనే. మాట బాగా వచ్చింది. చదవడం మాత్రం రాలేదు. అక్కడ ఏ రోజు ఏ చెత్త బయట పెట్టాలో నోటీసు ఉంటుంది. మొఎరు గొమి అంటే కాలే చెత్త, మొఎనై గొమి అంటే కాలని చెత్త. చెవితో వింటే రెండూ నాకు కొట్టిన పిండి. నోటీసులో చూస్తే రెండూ గీతలే. తప్పు రోజున తప్పు సంచి పెట్టాను. సాయంత్రం వచ్చేసరికి దాని మీద స్టిక్కర్ అంటించి అక్కడే వదిలేశారు. పక్కింటి పెద్దాయన ఒక్క మాట అనకుండా సంచి విప్పి, నా ముందే సీసాలు ఒకపక్క, కాగితాలు ఒకపక్క పెట్టాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు. ఆ రాత్రే హిరగన మొదలుపెట్టాను.

మూలాక్షరాలు 46. రోజుకి ఐదు చొప్పున పది రోజుల పని. ఆ తర్వాత కతకన అనే రెండో లిపిలో ఇంకో 46. ఈ పది రోజుల పనిని నేను ఏడాదిన్నర వాయిదా వేశాను. తెలుగులో రాసుకుంటే హాయిగా ఉంటుంది. ఆ హాయికి అలవాటుపడితే కదలం.

ఇంకా తెలుగు లిపికి అందనివి ఉన్నాయి. 'చుక్క' అన్నప్పుడు మనం పలికే 'చు' వాళ్ల 'త్సు'కి దగ్గర. 'చ్యు'కి దగ్గరగా ఉండేది వేరే అక్షరం. మనం రెండింటికీ 'చు' అనే రాస్తాం. కజె అంటే గాలి, అందులో 'జ' మన 'జ' కాదు. పరీక్ష కాగితం మీద ఇంగ్లీషూ తెలుగూ ఏదీ సాయం రాదు.

పోర్టులో రిటైరైనవాణ్ణి
మన కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం వేసిందే బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కి పంపడానికి. అలా జపాన్ మాట విశాఖ రేవులో ఎప్పటినుంచో వినపడుతూనే ఉంది. లిపి గొడవ తర్వాత, ముందు చెవి తయారవ్వాలమ్మా. ఎన్5లో 180కి 80 వస్తే పాస్. అందులో 60 మార్కులు వినడానికే, వాటిలో కనీసం 19 రాకపోతే మిగతావి ఎన్ని వచ్చినా ఫెయిలే. జపాన్ ఫౌండేషన్ సైట్లో పాఠాలూ ఆడియో ఉచితంగా ఉన్నాయి. రోజూ అరగంట విను.

ఎంవీపీ కాలనీ అక్క
నగోయా తమ్ముడూ, పదిరోజుల మాట ఒప్పుకుంటాను. అక్షరాలు వాయిదా వెయ్యమని నేను అనలేదు. కానీ ఆ పది రోజులూ పాప నోరు మూసుకుని గీతలు దిద్దాలా? ఒబసన్ అంటే పిన్ని వయసావిడ, ఒబాసన్ అంటే మామ్మ. ఈ దీర్ఘం మొదటి రోజే నోటికి పట్టాలి, దానికి తెలుగంత మంచి గుర్తు ఇంకోటి లేదు. (చెల్లీ, కైగొలో పెద్దవాళ్లని మామ్మా అని పిలవొద్దు. ఇంటిపేరు చివర 'సన్' చేర్చి పిలవాలి.) లిపి వచ్చాక తెలుగు రాత వదిలెయ్. తెలుగులో ఆలోచించి వాక్యం కట్టడం మాత్రం ఎన్1కి వెళ్లినా వదలొద్దు.

ద్వారకానగర్
పౌర గ్రంథాలయంలో ఆదివారం కూర్చుని రాస్తుంటాను. కతకనలో షి, త్సు ఒకేలా ఉండి ఏడిపిస్తున్నాయి. అదొక్కటే నా గోడు.

గాజువాక నర్సు
పదహారు రోజులైంది. ఉదయం బస్సులో వింటున్నాను, రాత్రి అక్షరాలు దిద్దుతున్నాను. ఈ సాయంత్రం రుషికొండ వెళ్లొచ్చి మొదటి వాక్యం హిరగనలో రాశాను. ఫోటో పెడుతున్నాను. 'క్యో వ ఉమి ఎ ఇకిమషిత.' ఈరోజు సముద్రానికి వెళ్లాను.

నగోయా నుంచి తిరిగొచ్చాను
రాత ముచ్చటగా ఉంది చెల్లెమ్మా. 'వ' అని పలికేచోట 'హ' అక్షరం, 'ఎ' అని పలికేచోట 'హె' అక్షరం సరిగ్గా వేశావు. చాలామంది అక్కడే తప్పుతారు. మొదటి మాట మళ్లీ చూడు. 'కి', పక్కన చిన్న 'యొ', అంతటితో ఆపేశావు. ఆ తర్వాత 'ఉ' ఉండాలి. మనకి ఓత్వంలోనే దీర్ఘం వచ్చేస్తుంది. వాళ్లు దీర్ఘానికి ఇంకో అక్షరం వేస్తారు. పలికేది 'ఓ' అనే.

ఎంవీపీ కాలనీ అక్క
మా పిల్లల నోట్సు ఇప్పుడే తీసి చూశాను. ముగ్గురు ఇదే తప్పు రాశారు. నేను నేర్పింది అలాగే. ఇకనుంచి దీర్ఘం వచ్చిన ప్రతి మాటా మొదటి రోజే హిరగనలో రాయిస్తాను.

గాజువాక నర్సు
పదిసార్లు రాశాను. మరి 'పెద్ద' అనే ఓకీ కి కూడా 'ఉ' నేనా అన్నా?

నగోయా నుంచి తిరిగొచ్చాను
కాదు, అక్కడ 'ఒ' పక్కన 'ఒ' నే. 'దూరం' అనే తోయ్ కూడా అంతే, తొ, ఒ, ఇ. ఇలాంటివి కొన్నే ఉంటాయి. ఒక పేజీ విడిగా పెట్టుకుని, ఎదురైనప్పుడల్లా అందులో ఎక్కించు.