టెక్ కంపెనీ స్థాపకుడి కథకు స్క్రీన్‌ప్లే ఎలా కట్టాలి?

ప్రశ్న:
పుట్టుక నుంచి వరుసగా రాస్తే సగానికే నీరసపడుతోంది. కోడింగ్ సీన్లు మరీ చప్పగా ఉన్నాయి. రెండు గంటల్లో ఎలా ఇమడ్చాలండీ?

జవాబు 1:
వరుస వదిలేయండి. ఆపిల్ స్థాపకుడి మీద 2015లో వచ్చిన 'స్టీవ్ జాబ్స్' సినిమాలో మూడే అంకాలు: 1984లో మెకింతోష్, 1988లో నెక్స్ట్, 1998లో ఐమ్యాక్ కంప్యూటర్ల ఆవిష్కరణలు. అన్నీ వేదిక ఎక్కే ముందు జరిగేవే. దర్శకుడు డానీ బాయిల్ మొదటి అంకాన్ని 16 ఎం.ఎం. ఫిల్ము మీద, రెండోదాన్ని 35 ఎం.ఎం. ఫిల్ము మీద, మూడోదాన్ని డిజిటల్‌లో తీశారు. కాలం మారడం కంటికే తెలుస్తుంది. కాకపోతే ఏళ్ల తగాదాలన్నీ ఆ కాసేపట్లోకే కుదించాలి. అది చరిత్ర కాదని ముందే ఒప్పుకోవాలి.

జవాబు 2:
పై పద్ధతి బాగుంది గానీ, నిజం మీద గొడవ ఉన్న కథకు ఫేస్‌బుక్ పుట్టుక మీద తీసిన 'ది సోషల్ నెట్‌వర్క్' (2010) దారే మేలు. రెండు దావాల వాంగ్మూలాల మధ్య కథ నడుస్తుంది. ఒకరి మాటను ఇంకొకరు ఖండిస్తారు, ఎవరిది నిజమో రచయిత తేల్చనక్కర్లేదు. 162 పేజీల స్క్రిప్టు రెండు గంటల్లో పట్టిందంటే డైలాగు వేగమే కారణం. స్క్రిప్టులో ఒక పేజీ తెర మీద ఒక నిమిషం అనే మామూలు లెక్క అక్కడ చెల్లదు. కోడింగ్ సీనుకూ అందులోనే మందుంది: ఫేస్‌బుక్‌కు ముందు జుకర్‌బర్గ్ చేసిన ఫేస్‌మ్యాష్ సైటుకు కోడ్ రాస్తున్న గదినీ, క్లబ్బు పార్టీనీ మార్చి మార్చి చూపారు.

జవాబు 3:
షూటింగ్ మాట కూడా. సెకనుకు 24 ఫ్రేముల్లో తీసేటప్పుడు 60 హెర్ట్జ్ (సెకనుకు 60 సార్లు తెర మారే) మానిటర్ మినుకుమంటే కెమెరా షట్టర్ కోణం (ప్రతి ఫ్రేముకు వెలుగు పడే సమయాన్ని నిర్ణయించేది) 144 డిగ్రీలు పెట్టండి. మన 50 హెర్ట్జ్ కరెంటు లైట్లకు 172.8 డిగ్రీలు కావాలి. రెండూ ఒకే ఫ్రేములో ఉంటే మానిటర్ రిఫ్రెష్‌ను 50 హెర్ట్జ్‌కి దించి 172.8లోనే తీయండి.