1453 వల్లే పోర్చుగీసువాళ్లు సముద్రం పట్టారా?

లంగరు:
పోటీ పరీక్షల పుస్తకాల్లో ఈ మాట తరచూ కనిపిస్తుంది: 1453లో ఒట్టోమన్ తురుష్కులు కాన్‌స్టాంటినోపుల్‌ను (నేటి ఇస్తాంబుల్) గెలిచారు, మిరియాల దారి మూసుకుపోయింది, అందుకే ఐరోపావాళ్లు సముద్ర మార్గం వెతికారు. ఇది నిలబడదు. పోర్చుగీసు సేనలు మొరాకో తీరంలోని సియూటాను పట్టుకున్నది 1415లో. ఆఫ్రికా పడమటి తీరంలోని బొజదోర్ అగ్రాన్ని దాటింది 1434లో. పైగా వెనిస్‌కు మిరియాలు ముఖ్యంగా అలెగ్జాండ్రియా, బీరూట్ రేవుల నుంచి వచ్చేవి. ఆ రేవులు అప్పుడు ఈజిప్టును ఏలిన మమ్లూకు సుల్తానులవి. ఒట్టోమన్లు ఈజిప్టును గెలిచింది 1517లో. అప్పటికి వాస్కో డ గామా కాలికట్ చేరి 19 ఏళ్లయింది.

గోరువంక:
అయితే అసలు కారణం మతమే అనాలి. ఈ యాత్రలను నడిపించిన పోర్చుగీసు రాకుమారుడు హెన్రీ 1420 నుంచి ఆర్డర్ ఆఫ్ క్రైస్ట్ అనే మత సైనిక సంఘానికి పాలకుడు. ఆ సంఘం ఆదాయం ఓడలకు ఆసరా అయింది. 1455లో పోప్ ఐదవ నికొలాస్ ఇచ్చిన ఆజ్ఞాపత్రం ఆఫ్రికా పడమటి తీరాలను పోర్చుగల్‌కు కట్టబెట్టింది. కాలికట్‌లో గామా మనిషి కూడా క్రైస్తవులను, సుగంధ ద్రవ్యాలను వెతుక్కుంటూ వచ్చామనే చెప్పాడు. క్రైస్తవుల మాటే ముందు.

పాతనాణెం:
గోరువంక గారూ, పోప్ పత్రం హక్కు ఇచ్చింది, నిజమే. కానీ ఆ హక్కు దేని మీదో చూడండి. మొదట వెతికింది మిరియాలు కాదు, బంగారం. సహారా దాటి ఒంటెల మీద మొరాకోకు వచ్చే బంగారాన్ని అది పుట్టిన చోటే కొనాలన్నది ఆశ. అది అందేలోపు మనుషులను పట్టుకున్నారు. 1444లో పోర్చుగల్‌లోని లాగోస్ రేవులో 235 మంది బందీలను దించి పంచుకున్నారు. ఐదో వంతు కింద హెన్రీకి 46 మంది.

1469 నాటి ఒప్పందం ఇంకా స్పష్టం. రాజు గినీ (పశ్చిమ ఆఫ్రికా తీరం) వ్యాపారాన్ని ఫెర్నావ్ గోమెష్ అనే లిస్బన్ వర్తకుడికి ఐదేళ్లు గుత్తకిచ్చాడు. ఏడాదికి 2,00,000 రెయిష్‌లు (పోర్చుగీసు నాణేలు) కట్టాలి, దాంతోపాటు ఏటా 100 లీగుల (ఒక లీగు ఐదారు కిలోమీటర్లు) కొత్త తీరం కనిపెట్టాలి. కనిపెట్టడం గుత్తపత్రంలో ఒక షరతు! దానిని మతోత్సాహం అని ఎలా అంటాం?

గామా తెచ్చిన కానుకలు చూడండి: 12 చారల గుడ్డలు, 4 ఎర్ర టోపీలు, 6 మామూలు టోపీలు, 4 పగడాల దండలు, 6 చేతులు కడిగే పళ్లేలు, పంచదార పెట్టె, నూనె, తేనె రెండేసి పీపాలు. గినీ తీరంలో చెల్లే సరుకు ఇది. కాలికట్ రాజు జామోరిన్ అధికారులు నవ్వారు. రాజుకిచ్చేది బంగారమై ఉండాలన్నారు.

గాలివాటం:
ఒక ఆచరణ సమస్య కలుపుతాను. బొజదోర్ దిగువకు పోవడం తేలిక, రావడమే కష్టం. ఈశాన్య గాలి, దక్షిణ దిశ ప్రవాహం రెండూ ఎదురు. తీరం వెంబడి ఎక్కలేరు. అందుకని వాయవ్యంగా నడిసముద్రంలోకి వెళ్లి, అట్లాంటిక్‌లోని అజోర్స్ దీవుల దాకా ఎక్కి, పడమటి గాలి దొరికాక లిస్బన్‌కు తిరగాలి. ఈ మలుపు తెలియక ముందు పెట్టుబడి పెట్టినవాడికి ఓడ తిరిగొస్తుందన్న నమ్మకం లేదు. కోరిక ఎంత ఉన్నా ప్రయాణం ఆగేది అక్కడే.

కోరమండల్:
పోప్ మాట చెల్లని ప్రొటెస్టెంట్ డచ్చివారితో పోల్చండి. 1602లో వాటాలు అమ్మి కంపెనీ పెట్టారు, 1605కల్లా మచిలీపట్నంలో ఉన్నారు. ఎందుకు? ఇండోనేషియా దీవుల్లో లవంగాలకు, జాజికాయకు బదులుగా అడిగింది మన తీరపు బట్ట.

లంగరు:
నా మొదటి మాటను కొంత సవరించుకుంటాను. 1453 తరువాత నల్లసముద్రంలో ఇటలీలోని జెనోవా నగర వ్యాపారులకు చోటు తగ్గింది, 1475లో క్రిమియాలో వాళ్ల రేవు కఫా ఒట్టోమన్ల చేతిలోకి పోయింది. వాళ్ల డబ్బు లిస్బన్, సెవిల్, మదీరా దీవి చెరకు తోటల వైపు ఇంకా ఎక్కువగా మళ్లింది. 1453 గురించి ఇలా రాస్తే నాకు అభ్యంతరం లేదు.