అప్‌డేట్: ఎయిర్ పిస్టల్ మ్యాచ్‌లో షాట్లు కింద ఎడమవైపు పడే సమస్య తీరింది

పోయిన నెల అడిగింది నేనే. ప్రాక్టీస్‌లో బాగానే పడేవి. 10 మీటర్ల క్లబ్ మ్యాచ్‌లో మాత్రం 40వ షాట్ దాటాక అన్నీ పదికి 7, 8లే, అదీ కింద ఎడమవైపు. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

ఖాళీ గోడకి ఎదురుగా నిలబడి పెల్లెట్ (చిన్న సీసపు గుండు) లేకుండా ట్రిగ్గర్ నొక్కి చూడమన్నారే, ఆ సలహాతోనే దొరికింది. కోచ్ పక్కనుంచి ఫోన్‌లో వీడియో తీశారు. ట్రిగ్గర్ పడే క్షణంలో ముందు సైట్ (గొట్టం చివర గురి చూసే ముక్క) చటుక్కున కిందికి దిగుతోంది! చెయ్యి చాచి 14 సెకన్లు అలాగే పట్టుకుంటున్నానట. అప్పటికే చెయ్యి వణుకుతుంటుంది, గురి కుదిరినట్టు అనిపించగానే వేలు లాగేస్తోంది. 8 సెకన్లలో షాట్ పడకపోతే చెయ్యి దించెయ్యమన్నారు. 60 షాట్లకి 75 నిమిషాలుంటాయి, అయినా నాకెప్పుడూ టైం చాలదన్న టెన్షనే.

పిస్టల్ గాలి సిలిండర్‌లో ప్రెషర్, కళ్లద్దాలు, పెల్లెట్ల బ్రాండ్, వీటికీ దీనికీ సంబంధమే లేదు. అనవసరంగా రెండు డబ్బాల పెల్లెట్లు కొన్నాను, మా ఆవిడ ఇంకా దెప్పుతూనే ఉంది.

మొన్న ఆదివారం మ్యాచ్‌లో స్కోరు 600కి 528 నుంచి 541కి వచ్చింది. పదకొండుసార్లు చెయ్యి దించినా ఇంకా 9 నిమిషాలు మిగిలాయి.