బక్కచిక్కిన ఎలుగులకు తిండి పెట్టొచ్చా? మన చెరువు గట్ల మీద చచ్చిన చేపల సంగతేంటి?

ముమ్మిడివరం_గట్టు:
జపాన్‌లోని షిరెటోకోలో 2023లో సాల్మన్ చేపలు సరిగా రాక, ఎముకలు తేలిన ఎలుగుల ఫొటోలు చూశాక ఇక్కడ కుర్రాళ్ల మధ్య పెద్ద వాదన నడుస్తోందండి. ఆకలితో చస్తున్న జీవికి ముద్ద పెట్టడానికి కూడా రూల్సా అని సగం మంది. అడవి సంగతి అడవే చూసుకుంటుందని మిగతావాళ్లు. మనకు ఎలుగులు లేవు గానీ కోరంగి మడ అడవుల వైపు నుంచి బావురుపిల్లులు (చేపలు పట్టే అడవిపిల్లులు), నీటికుక్కలు చెరువుల మీదకు వస్తాయి. చచ్చిన చేపలు గట్టు మీద పడేస్తే అవి తిని వెళ్లిపోతాయి, చెరువులో దిగవు అని కొందరు రైతులు కావాలనే వేస్తున్నారు. ఇది మేలా, కీడా?

ఇప్పచెట్టు:
ముందు ఆ ఫొటోలు ఏ నెలలో తీశారో చూడండి. శీతాకాలపు నిద్ర నుంచి లేచేసరికి గోధుమరంగు ఎలుగు ఒంటి బరువులో 15 నుంచి 30 శాతం కరిగిపోయి ఉంటుంది. జూన్, జూలైల్లో పాత బొచ్చు కూడా రాలుతుంది కాబట్టి బాగున్నదే రోగిష్టిలా కనబడుతుంది. సెప్టెంబరు చివర్లో కూడా వెన్నుపూస, తుంటి ఎముకలు లెక్కపెట్టేలా ఉంటే మాత్రం నిజంగా ప్రమాదమే. ఆ రోజుల్లో అది రోజుకు 20,000 కెలోరీల దాకా తిని కొవ్వు పట్టాలి.

ఆడ ఎలుగు మే, జూలై మధ్య జతకట్టినా పిండం గర్భసంచికి అతుక్కునేది నవంబరు ప్రాంతంలోనే. అప్పటికి ఒంట్లో ఐదో వంతు కొవ్వయినా లేకపోతే చూలు నిలవడం కష్టం. చేపలు రాని ఏడాది దెబ్బ మరుసటి ఏడు పుట్టని పిల్లల్లో తెలుస్తుంది. ఒక్క ఫొటోలో అది కనబడదు.

మన ఉద్దానం ఎలుగులను వీటితో కలపొద్దండి. ఆ జాతి వేరు, శీతాకాలంలో నిద్రపోదు. చెదలు, చీమలు, ఇప్పపువ్వు, రేలకాయలు, తునికి, నేరేడు దాని తిండి. పైదవడలో ముందరి పళ్లు రెండు ఉండవు, ఆ సందులోంచే చెదలను పీలుస్తుంది. తోటల్లోకి వచ్చేది ఎక్కువగా జీడిమామిడి, పనస పండే రోజుల్లో. కడుపు మాడి వచ్చిందా, తేలిగ్గా దొరుకుతుందని వచ్చిందా అన్నది తేల్చుకోకుండా తిండి పెట్టడం, జబ్బు తెలియకుండా మందు వెయ్యడమే.

ఏటిమొగ:
ఈ వాదన కొత్తది కాదు. అమెరికాలోని ఎల్లోస్టోన్‌లో ఎలుగులు తరాల తరబడి చెత్తకుప్పల మీద బతికాయి. వాటికి రేడియో పట్టీలు కట్టి ఏళ్ల తరబడి గమనించిన ఫ్రాంక్, జాన్ క్రెయిగ్‌హెడ్ సోదరులు, కుప్పలు మూయండి గానీ మెల్లగా మూయండి, ఒక్కసారిగా ఆపితే అవి మనుషుల మీదకు వస్తాయి అన్నారు. పార్కు అధికారులు వినలేదు. 1970కల్లా మూసేశారు. ఎలుగులు శిబిరాల్లోకి దిగాయి, పెద్ద సంఖ్యలో చంపాల్సి వచ్చింది. 1975లో వాటిని ముప్పున్న జాతిగా చేర్చారు. కుప్పలు లేకుండా బతకగలవని తర్వాత తేలింది, సంఖ్య కూడా బాగా పెరిగింది. అంటే మూయడం సరైనదే, తొందరే ప్రాణాలు తీసింది. నా మటుకు ఆ సోదరుల మాటే నిలబడింది.

రుమేనియాలో రోడ్డు పక్కన ఎలుగులకు బిస్కెట్లు వెయ్యడం ఇంకా ఆగలేదు. 2024లో ఒక పర్వతారోహకురాలు ఎలుగు దాడిలో చనిపోయాక అక్కడి పార్లమెంటు 481 ఎలుగులను చంపడానికి అనుమతి ఇచ్చింది.

ఇంకో మాట. నిజంగా ఆకలితో శుష్కించిన ఒంట్లోకి ఒక్కసారిగా పిండిపదార్థం పోతే రక్తంలో ఫాస్ఫరస్ పడిపోయి గుండె ఆగొచ్చు. వైద్యుడు కొలిచి పెట్టాల్సిన తిండి అది.

కొత్తకాలువ:
గట్టు మీద వేసే చేపలు కూడా చిన్న సైజు చెత్తకుప్పేనండి. వాటి కోసం ముందు వచ్చేది బావురుపిల్లి కాదు, ఊరకుక్కలు. కుక్కల నుంచి డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు పిల్లి జాతులకు అంటుతుంది. 2018లో గిర్ సింహాలు ఆ జబ్బుతోనే చనిపోయాయి. చచ్చిన రొయ్యలను కాకులు పక్క చెరువులో జారవిడిస్తే రొయ్యలను చంపే తెల్లమచ్చ జబ్బు కూడా పాకుతుంది. పైగా గట్టు దగ్గర తిండి ఉంటుందని నేర్చుకున్న జంతువు చెరువులోనూ దిగుతుంది.

పూడ్చడంలో మన డెల్టాకు ఒక చిక్కుంది. మూడడుగులు తవ్వితే నీరు ఊరుతుంది. వేసవిలో మెరకన, కాలువకు దూరంగా గొయ్యి తీసి, సున్నం చల్లి, పైన కనీసం రెండడుగుల మట్టి కప్పొచ్చు. వానాకాలంలో గొయ్యి వద్దు, కంపోస్టు చెయ్యండి. రేకుల కింద అడుగు మందం ఊక పరిచి, దాని మీద పలుచగా చేపలు, మళ్లీ అడుగు ఊక. వాసన వస్తే ఊక తక్కువైనట్టే. చుట్టూ మెష్ కట్టకపోతే కుక్కలు తోడేస్తాయి.

నీటికుక్కలకు పీతల వల ఆగదు. గట్టి వెల్డ్ మెష్ కావాలి, అడుగున ఒక అడుగు బయటివైపు మడిచి మట్టి కప్పాలి. వదులు వల అసలు కట్టొద్దు, మెడకు చుట్టుకుని చస్తాయి. సోలార్ కంచె అయితే అడుగు తీగ నేలకు జానెడు లోపే ఉండాలి. ఎర్త్ కడ్డీలు మూడు, మూడేసి మీటర్ల ఎడంలో. మన తడినేలలో ఎర్త్ బాగా అందుతుంది గానీ ఉప్పుగాలికి తీగ ముడులు తుప్పుపడతాయి, గడ్డి తగిలితే వోల్టేజి దిగిపోతుంది. టెస్టర్‌లో 4,000 వోల్టులు చూపకపోతే గడ్డి కోయించండి. ఇంటి కరెంటు నేరుగా తీగకు ఇవ్వడం మాత్రం నేరం. మనుషులే చస్తారు. బావురుపిల్లి వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు, అది చచ్చినా కేసే.

ముమ్మిడివరం_గట్టు:
ఆరు నెలలుగా చేపలు వేస్తున్న గట్టు మీద ఒక్కసారిగా ఆపితే ఎల్లోస్టోన్‌లాగే అవుతుందా మరి?

కొత్తకాలువ:
అంత కాదండి. ఏటిపాయలు, మడ అడవి పక్కనే ఉన్నాయి, వేట మరిచిపోయి ఉండదు. కానీ వరస తప్పకూడదు. ముందు మెష్ పూర్తి చెయ్యండి, తర్వాత రెండు మూడు వారాల్లో చేపలు తగ్గిస్తూ ఆపండి. గట్టు వార జమ్ములో పిల్లలున్నట్టు అనుమానమొస్తే జమ్ము కొట్టకండి, అటవీ రేంజి ఆఫీసుకు చెప్పండి. పట్టుబడి రోజులు దగ్గర పడుతుంటే ఇప్పుడే ఆపొద్దు. చెరువు తీసినప్పుడు అడుగున మిగిలే చేపల వాసనకు అన్నీ అక్కడికే చేరతాయి. పట్టుబడి అయిపోయి, అడుగు ఏరి శుభ్రం చేశాక మొదలుపెట్టండి.