చెల్లి ఒక్కతే అట్ట పట్టుకుని నిలబడింది, మెమో వచ్చింది. దీనివల్ల ఏమైనా జరుగుతుందా?

పెన్నా ఒడ్డు:

అందరికీ నమస్కారం. మా చెల్లెలు ఒక గ్రామ సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్. 2019 అక్టోబరులో మొదటి బ్యాచ్‌లోనే చేరింది, అప్పటికి డిగ్రీ అయిపోయి రెండేళ్లే. పోయిన సోమవారం క్యాజువల్ లీవు పెట్టి, ఆ రోజు కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు కదా, గేటు బయట ఒక అట్ట పట్టుకుని నిలబడింది. దాని మీద ఒకే మాట: "నా తొమ్మిది నెలలు నాకివ్వండి". పది గంటల నుంచి ఒంటిగంట దాకా అలాగే నిలబడింది. నినాదాలు చేయలేదు, ఎవరికీ అడ్డం పోలేదు. ఎవరో వీడియో తీశారు, సాయంత్రానికి మా బంధువుల వాట్సాప్ గ్రూపుల్లోకి కూడా వచ్చేసింది.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. సచివాలయం ఉద్యోగులు రెండేళ్ల ప్రొబేషన్, నెలకు 15,000 అన్న షరతుతో చేరారు. 2021 అక్టోబరుకి రెండేళ్లు నిండాయి. రెగ్యులర్ జీతం స్కేలు ఇచ్చింది మాత్రం 2022 జూలై నుంచి. ఈ మధ్యలో తొమ్మిది నెలలు అదే 15,000. చెల్లి డిపార్ట్‌మెంటల్ పరీక్ష కూడా పాసైంది, తన వైపు నుంచి బాకీ ఏమీ లేదు. తర్వాత వచ్చిన స్కేలు 22,460 దగ్గర మొదలు, దాని మీద డీఏ, ఇంటి అద్దె. ఆ తొమ్మిది నెలల తేడా ఎంతో లెక్కేసుకోండి, అప్పట్లో మా అమ్మ ఆపరేషన్‌కి ఇంతకంటే తక్కువకే బయట వడ్డీకి తెచ్చాం.

బుధవారం మెమో వచ్చింది. ప్రవర్తనా నియమాలకు విరుద్ధం, మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి అని. నాన్న రోజంతా ఒకటే మాట, క్షమాపణ రాసిచ్చెయ్యమ్మా, ఉద్యోగం నిలబడితే చాలు అని. తనేమో రాయను అంటుంది. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. అన్నిటికంటే బాధ ఏంటంటే, తన తోటి ఉద్యోగులు పదిహేను మందికి పైగా ఫోన్ చేసి "బాగా చేశావు" అన్నారు, పక్కన వచ్చి నిలబడినవాళ్లు మాత్రం ఒక్కరు లేరు. ఒక్క మనిషి ఇలా చేస్తే ఏమైనా జరుగుతుందా? నిజం చెప్పండి, ఓదార్పు వద్దు.

డిజిటల్ అసిస్టెంట్, తూర్పు:

అన్నా, ముందుగా మీ చెల్లెలికి నా నమస్కారం చెప్పండి. నేనూ అదే బ్యాచ్. నిజం చెప్పమన్నారు కాబట్టి 2022 జనవరి గురించి చెప్తాను. జనవరి 7న పీఆర్సీ (ఉద్యోగుల జీతాల సవరణ) 23 శాతం అని ప్రకటించిన రోజే మా ప్రొబేషన్ పూర్తయినట్టు జూన్ 30 కల్లా డిక్లేర్ చేస్తామన్నారు. అంటే ఇంకో ఆరు నెలలు. ఆ రాత్రి మాలో ఎవరూ పడుకోలేదు. అఫీషియల్ గ్రూపుల్లోంచి బయటికొచ్చేశాం, 10వ తేదీన పని ఆపి రోడ్డెక్కాం. నాయకుడు లేడు, జెండా లేదు, పాతికేళ్ల పిల్లలం, అంతే. రెండు మూడు రోజులకి చర్చలు, హామీలు, మళ్లీ డ్యూటీలు.

ఏం సాధించామంటే, తేదీ ఒక్క రోజు కూడా ముందుకు జరగలేదు. జూన్ 30 అన్నది జూన్ 30గానే ఉంది. కానీ ఆ తేదీ ఇంకో ఆరు నెలలు వెనక్కి పోలేదు, జూలై నుంచి స్కేలు వచ్చింది. మేం రోడ్డెక్కకపోతే అదీ జారిపోయేదని నేను ఇప్పటికీ నమ్ముతాను, నిరూపించలేను. పోయిన తొమ్మిది నెలలు మాత్రం ఇంకా పోయే ఉన్నాయి. ప్రభుత్వం మారింది, వలంటీర్లు పోయి ఒకటో తారీఖు పింఛన్లు పంచే పని మా చేతికొచ్చింది, సర్వేల మీద సర్వేలు వచ్చాయి, ఆ తొమ్మిది నెలల ఊసు మాత్రం వినతిపత్రాల్లోనే ఉంది. మీ చెల్లెలు ఆ మాటని మళ్లీ బయటికి తెచ్చింది. మా మండలంలో ఈ వారం అందరూ దాని గురించే మాట్లాడుకుంటున్నారు, ఫోన్ చేసి వెనక్కి తగ్గిన ఆ పదిహేను మందిలాంటివాణ్ణే నేనూ. ఇద్దరు పిల్లలు, లోను. సిగ్గుగానే ఉంది.

రిటైర్డ్ సూపరింటెండెంట్:

నాయనా, సాధించిందా లేదా అన్నది తర్వాత, ముందు మెమో సంగతి చూడండి. మూడు రోజులంటే రేపే కదా. నేను ముప్పై ఏళ్లు ఆఫీసులో ఇలాంటి ఫైళ్లు నడిపినవాణ్ణి, అందులో ఎన్జీవో (నాన్ గెజిటెడ్ ఉద్యోగుల) సంఘంలో కూడా తిరిగాను.

అది మెమో, చార్జ్ మెమో (అభియోగ పత్రం) కాదు. వివరణ అడిగారంతే. అమ్మాయికి ప్రొబేషన్ డిక్లేర్ అయింది కాబట్టి రాజ్యాంగం 311 ప్రకారం విచారణ లేకుండా ఉద్యోగం తీసేయలేరు. ఈ ముక్క మీ నాన్నగారికి రెండుసార్లు చెప్పండి. 1964 నాటి ప్రవర్తనా నియమాల్లో సమ్మె నిషేధం. ప్రదర్శన వేరే విషయం. 1962లో బీహార్ ఉద్యోగుల కేసులో (కామేశ్వర్ ప్రసాద్ కేసు అంటారు) శాంతియుత ప్రదర్శనను గంపగుత్తగా నిషేధించడం చెల్లదు, సమ్మెకి మాత్రం హక్కు లేదు అని సుప్రీంకోర్టు చెప్పింది. 2003లో తమిళనాడు సుమారు 1.7 లక్షల మందిని ఒక్కసారిగా తీసేసినప్పుడు సమ్మె విషయంలో కోర్టు ఇంకా గట్టిగా మాట్లాడింది, నైతిక హక్కు కూడా లేదంది. అందుకని సమ్మె అనే మాట ఆ జవాబులో ఎక్కడా రాకూడదు.

జవాబులో రాయాల్సింది: ఆ రోజు మంజూరైన సెలవులో ఉన్నాను, గేటు బయట నిలబడ్డాను, ఎవరి పనికీ ఆటంకం కలిగించలేదు, ప్రభుత్వ విధానాన్ని విమర్శించలేదు, నాకు రావాల్సిన జీతం అడిగాను, ఫలానా తేదీన వినతిపత్రం ఇచ్చాను. ఇంతే, ఒక పేజీ దాటొద్దు. సెలవు మంజూరైందా? పెట్టి వచ్చేసిందా? అసలు సమస్య అక్కడ ఉండొచ్చు. క్షమాపణ మాత్రం రాయొద్దు, రాస్తే తప్పు ఒప్పుకున్నట్టే, రేపు దాన్ని చూపించే శిక్ష వేసి సర్వీసు రిజిస్టర్‌లో ఎక్కిస్తారు. టీవీ చానళ్లు పిలిస్తే వెళ్లనివ్వకండి. జవాబు ఆఫీసులో ఇచ్చి, కాపీ మీద సంతకం, తేదీ, స్టాంపు వేయించుకోవాలి.

ఇంకొకటి, నేను సమైక్యాంధ్ర సమ్మెలో 66 రోజులు జీతం లేకుండా ఉన్నాను, 2013. లక్షల మందిమి. రాష్ట్రం విడిపోయింది. తెలంగాణ వాళ్ల సకల జనుల సమ్మె 2011లో 42 రోజులు, విరమించిన రోజున వాళ్ల చేతిలోనూ ఏం లేదు, రాష్ట్రం వచ్చింది 2014లో. కాబట్టి ఎంతమంది, ఎన్ని రోజులు అన్న లెక్కతో ఫలితం తేలుతుందని నేను అనుకోను. 2022 ఫిబ్రవరి 3న పీఆర్సీ మీద ఉద్యోగుల ఛలో విజయవాడలో బీఆర్టీఎస్ రోడ్డు నిండిపోయింది. రెండు రోజుల్లో ఇంటి అద్దె శ్లాబులు మార్చారు, ఇచ్చిన మధ్యంతర భృతి రికవరీ చెయ్యబోమన్నారు. ఫిట్‌మెంట్ (జీతం పెంపు శాతం) మాత్రం 23 దగ్గర కదల్లేదు.

మాజీ జేపీఎస్, తెలంగాణ:

మీ చెల్లె పరిస్థితి నాకు బాగా తెలుసు. నేను 2019 ఏప్రిల్‌లో జూనియర్ పంచాయతీ సెక్రటరీగా చేరిన. మొత్తం 9,355 పోస్టులు. మాకూ 15,000తోనే మొదలు, 2021లో 28,719 చేసిన్రు. మూడేళ్ల ప్రొబేషన్‌ను నాలుగేళ్లు చేసిన్రు. పొద్దుగాల లేస్తే మోరీల ఫొటోలు యాప్‌లో పెట్టాలె, హరితహారం మొక్కలు 85 శాతం బతకకపోతే మా మెడకే. నాలుగేళ్లు నిండినా రెగ్యులర్ చేయలే. 2023 ఏప్రిల్ 28 నుంచి సమ్మెకు దిగినం.

మే 9 సాయంత్రం 5 గంటల లోపు చేరకపోతే ఉద్యోగాలు ఉండవు అని నోటీసు వచ్చింది. మీ చెల్లెకు ఉన్న 311 రక్షణ మాకు లేకుండె. ఆ సాయంత్రం టెంట్ కింద కూర్చున్నోళ్ల మొఖాలు ఇప్పటికీ యాదికొస్తయి, గడియారం చూసుకుంట కూర్చున్నం. కొందరు లేచి పోయిన్రు, వాళ్లను ఎవరూ ఏమీ అనలే, అనొద్దు కూడా. మిగిలినోళ్లం తర్వాత కొద్ది రోజులకు చేతిల కాగితం లేకుండనే విరమించినం. ఊళ్లోకి పోతే "ఏమైంది సారూ, ఓడిపోయిన్రా" అని అడిగిన్రు. అదే నెలాఖరులోపే రెగ్యులరైజ్ చేస్తమని ప్రకటన వచ్చింది, పనితీరు లెక్కలు తీసి తర్వాత ఆర్డర్లు ఇచ్చిన్రు.

విరమించిన రోజు అడిగి ఉంటే ఏం సాధించలే అని చెప్పేవాణ్ణి. అందుకే వారంలో లెక్క చూడకుండ్రి. కానీ ఒంటరిగా మాత్రం ఇంకోసారి పోనీయకండ్రి. మేం వేలమందిమి ఉన్నం కాబట్టే తట్టుకున్నం.

ఊరివాడు:

కోపం తెచ్చుకోవద్దు. నేను ప్రైవేటు కంపెనీలో చేస్తాను, మాకు ప్రొబేషన్ ఎప్పుడు ముగుస్తుందో అడిగే దిక్కే లేదు. సచివాలయం మూతపడిన రోజు ఆదాయ ధ్రువపత్రం కోసం మా నాన్న రెండు సార్లు తిరిగి వచ్చాడు, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి అదే చివరి రోజు. ఉద్యోగుల బాధ నిజమే కావచ్చు, దెబ్బ మాత్రం మాకే తగులుతుంది. అయితే ఈ అమ్మాయి తన సెలవు వాడుకుని, ఎవరి పనీ ఆపకుండా నిలబడింది. ఇలా అడిగితే మా ఊళ్లో ఎవరూ తప్పుపట్టరు. మా సచివాలయంలో పింఛన్లు ఇచ్చే అమ్మాయికి కూడా ఈ తొమ్మిది నెలలు రాలేదని నాకు ఈ రోజే తెలిసింది. నెల నెలా మా నానమ్మ మంచం దగ్గరికి వచ్చి వేలిముద్ర వేయించుకుంటుంది, ఒక్కసారి కూడా చెప్పలేదు.

పెన్నా ఒడ్డు:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. సూపరింటెండెంట్ గారూ, మీరు అడిగింది నిజంగానే చిక్కు. సెలవు శనివారం మధ్యాహ్నం పెట్టింది, మంజూరు చేసినట్టు ఫోన్‌లో చెప్పారట, కాగితం మీద లేదు. వాట్సాప్‌లో "ఓకే" అని మెసేజ్ ఒకటి ఉంది, దాన్ని ప్రింట్ తీయించాం. మీరు చెప్పినట్టే ఒక పేజీ జవాబు తనే రాసింది, నేను ఒక్క అక్షరం మార్చలేదు. నాన్నకి 311 గురించి చదివి వినిపించాను, ఆయన ఏమీ అనలేదు, రాత్రి అన్నం మాత్రం సరిగ్గా తిన్నారు.

ఈ రోజు పొద్దున జవాబు ఇవ్వడానికి వెళ్తుంటే పక్క ఊరి సచివాలయం నుంచి ఇద్దరు వచ్చారు, ఒక ఏఎన్ఎం, ఒక సర్వే అసిస్టెంట్. మేం కూడా అదే తొమ్మిది నెలల మీద వినతిపత్రం ఇస్తాం, ఎలా రాయాలో చూపించు అని అడిగారు. చెల్లి వాళ్లని ఇంట్లో కూర్చోబెట్టి రాయించింది. మూడు కాగితాలూ కలిపి ఇచ్చి, మూడింటి మీదా స్టాంపు వేయించుకుని వచ్చారు.