అప్‌డేట్: ఆఫీసు చొక్కాలు, రెడీమేడా కుట్టించడమా?

రోజూ ఆఫీసుకి రెడీమేడ్ చవక చొక్కాలు మానేసి కుట్టించుకోవడం మేలా అని పర్లాకిమిడి నుంచి అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ ధన్యవాదాలు. నాలుగు చొక్కాలు, రెండు ప్యాంట్లు అయ్యాయి. తేలినవి ఇవి.

గుడ్డ కొనేముందు పన్నా (గుడ్డ వెడల్పు) అడగండి. ఫుల్ హ్యాండ్ చొక్కాకి 58 అంగుళాల పన్నా అయితే 1.6 మీటర్లు, 36 అయితే 2.25 మీటర్లు చాలు. గళ్ల గుడ్డ అయితే, కుట్ల దగ్గర గళ్లు కలవాలంటే పావు మీటరు అదనం. పొందూరు ఖద్దరు పక్కనే దొరుకుతుంది కదా, మన ఎండకి అంత హాయైన గుడ్డ లేదు. కానీ నూలు గుడ్డ ఏదైనా కుట్టాక తడిస్తే కుంచించుకుపోతుంది. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పిండకుండా నీడన ఆరేసి, ఇస్త్రీ చేసి మరీ దర్జీకి ఇవ్వాలి.

కొలతలు ఒక్కటే ఇస్తే చాలదు, ఒంటికి సరిగ్గా కుదిరిన ఆది చొక్కా కూడా ఇవ్వాలి. చేయి ముందుకి చాపితే వీపు పట్టేస్తోందంటే చంక కోత మరీ కిందికి దిగిందనో, వీపు వెడల్పు చాలలేదనో అర్థం. నడుం వదులు చేస్తే ఆ ఇబ్బంది పోదు. పక్క కుట్లలో అంగుళం గుడ్డ వదలమనండి, ఒళ్లు వస్తే విప్పుకోవచ్చు.

అసలు దెబ్బ తినేది కాలరు. లోపల బిరుసు కోసం వేసే బక్రం గుడ్డ సరిగ్గా అతక్కపోయినా, పై గుడ్డకన్నా ఎక్కువ కుంచించుకుపోయినా రెండు ఉతుకులకే బుడగలొస్తాయి. నాలుగింటిలో ఒకదానికి అదే అయింది. దర్జీ కాలరు మార్చి ఇచ్చారు.

పండగల ముందు మాత్రం ఇవ్వకండి, హడావుడిలో ట్రయల్ ఎగిరిపోతుంది.